రుజువుకే ధర: వాడిన డిజైనర్ బ్యాగుల కన్‌సైన్‌మెంట్ వ్యాపారం

ఒకరు కొని కొంతకాలం వాడిన ఖరీదైన డిజైనర్ హ్యాండ్‌బ్యాగును మరొకరికి అమ్మిపెట్టడం నేడు అమెరికా, ఫ్రాన్స్, జపాన్, దుబాయ్ వంటి చోట్ల స్థిరపడిన వ్యాపారం. ఈ వ్యాపారంలో తరచుగా వినిపించే మాట కన్‌సైన్‌మెంట్. ఈ పద్ధతిలో బ్యాగు సొంతదారు దానిని రీసెల్లర్ సంస్థకు అప్పగిస్తారే తప్ప అమ్మరు. ఆ సంస్థ బ్యాగును పరీక్షించి, ఫొటోలు తీసి, ధర కట్టి, కొనేవారిని వెదికి అమ్మిన తరువాత తన కమీషన్ మినహాయించుకొని మిగిలిన సొమ్మును సొంతదారుకు చెల్లిస్తుంది. అమ్ముడయ్యేంతవరకు సరుకుపై హక్కు సొంతదారుదే. గుంటూరు మిర్చి యార్డులో రైతు తన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కమీషన్ ఏజెంటు దగ్గర దించి, వ్యాపారి కొన్నాక కమీషన్ పోను మిగిలిన పైకం తీసుకోవడం ఎరిగిన పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

అయితే మిర్చికీ హ్యాండ్‌బ్యాగుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మిర్చి కొనే వ్యాపారి టిక్కీ విప్పి, కాయ రంగు చూసి, తేమ ఎంతుందో గమనించి అక్కడికక్కడే ధర చెప్పగలడు. లక్షల రూపాయల బ్యాగును కొనదలచినవారికి, అందులోనూ తెర మీద ఫొటో చూసి కొనేవారికి, అది అసలుదో నకిలీదో తేల్చుకొనే వీలు ఉండదు. కాబట్టి ఈ వ్యాపారంలో చేతులు మారేది తోలు సంచి ఒక్కటే కాదు. అది ఫలానా సంస్థ తయారుచేసినదేననీ, చెప్పిన స్థితిలోనే ఉందనీ, అమ్మేవారికి దానిని అమ్మే హక్కు ఉందనీ తెలిపే రుజువు కూడా దానితోపాటే చేతులు మారుతుంది. రీసెల్లర్ తీసుకొనే కమీషన్‌లో పెద్ద భాగం ఈ రుజువును సమకూర్చి, దానికి పూచీ పడినందుకు ముట్టే ప్రతిఫలమే. ఈ సంగతి గ్రహించిన సొంతదారులు తమ వంతు రుజువును ముందుగానే సిద్ధం చేసుకొని మంచి ధర రాబట్టుకోగలుగుతారు. గ్రహించనివారు బ్యాగు మేలైనదే అయినా తక్కువకే వదులుకోవలసి వస్తుంది.

వాడిన బ్యాగుకు విలువ ఎలా వచ్చింది

ఈ విపణిలో అన్నిటికంటె గిరాకీ గల మూడు పేర్లు హెర్మెస్, షనెల్, లూయీ విటాన్. హెర్మెస్ 1837లో పారిస్‌లో గుర్రపు సామగ్రి తయారుచేసే కార్ఖానాగా మొదలైంది. లూయీ విటాన్ 1854లో ప్రయాణపు పెట్టెల తయారీతో ఆరంభమైంది. వ్యవస్థాపకుని కుమారుడు జార్జ్ విటాన్ 1896లో రూపొందించిన మోనోగ్రామ్ కాన్వాస్, అంటే సంస్థ పేరులోని పొడి అక్షరాలను పూల గుర్తులతో కలిపి అల్లిన ముద్రగల గుడ్డ, ఆనాడే విస్తరిస్తున్న నకళ్లను అరికట్టే ఉద్దేశంతో పుట్టినది. నకిలీ సమస్య ఈ వస్తువులంత పాతదేననడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. గాబ్రియెల్ షనెల్ 1955 ఫిబ్రవరిలో విడుదల చేసిన గొలుసు పట్టీ బ్యాగుకు ఆ నెలను, సంవత్సరాన్ని బట్టి 2.55 అనే పేరు స్థిరపడింది. మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ 1956లో తన గర్భాన్ని ఫొటోగ్రాఫర్ల కంట పడనీయకుండా అడ్డుపెట్టుకొన్న హెర్మెస్ బ్యాగు ఆమె పేరుతో కెల్లీగా ప్రసిద్ధి పొందింది. నటి, గాయని జేన్ బిర్కిన్ విమానంలో తన పక్క సీటులో కూర్చున్న హెర్మెస్ అధిపతి జాన్‌లూయీ ద్యుమాతో తనకు సరిపడే బ్యాగు దొరకడం లేదని చెప్పిన మాటల ఫలితంగా 1984లో బిర్కిన్ బ్యాగు వచ్చింది.

పేరుప్రతిష్ఠలకు తోడు కొరత కూడా ధరను నిలబెడుతుంది. బిర్కిన్, కెల్లీ బ్యాగులను హెర్మెస్ తన దుకాణాలలో అడిగిన వారందరికీ అమ్మదు. వాటిని ఎవరికి చూపాలో, ఎప్పుడు చూపాలో దుకాణమే నిర్ణయిస్తుంది. ఇతర సరుకులు కొన్నవారికే ఈ బ్యాగులు దక్కుతున్నాయన్న ఆరోపణతో 2024 మార్చిలో కాలిఫోర్నియాలో కొందరు కొనుగోలుదారులు దావా వేయగా, కోర్టు ఆ తరువాత దానిని కొట్టివేసింది. షనెల్ విషయంలో కొరతకంటె ధరల పెంపు ప్రధానం. మధ్యస్థ పరిమాణం గల క్లాసిక్ ఫ్లాప్ బ్యాగు అమెరికాలో 2019లో దాదాపు 5,800 డాలర్లు ఉండగా 2024 నాటికి 10,800 డాలర్లకు చేరింది. దుకాణంలో ధర ఇలా పెరిగినప్పుడు, అంతకు ముందెప్పుడో కొన్న బ్యాగుకు కూడా చేతిమార్పు విపణిలో ధర పెరగడం సహజం.

అంతమాత్రాన డిజైనర్ బ్యాగు ఏదైనా పెట్టుబడేనని భావించడం పొరపాటు. 2017లో హాంకాంగ్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో వజ్రాలు పొదిగిన హిమాలయా మొసలి చర్మపు బిర్కిన్ 3.79 లక్షల డాలర్లకు పైగా పలకడం వంటివి వార్తలకెక్కే మినహాయింపులు. విరివిగా దొరికే నమూనాలు, ఒక ఋతువుకే పరిమితమైన రంగులు, మధ్యస్థాయి బ్రాండ్లు దుకాణం గడప దాటిన వెంటనే కొన్న ధరలో గణనీయమైన భాగం కోల్పోతాయి. తమ బ్యాగు ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడమే అమ్మకందారు చేయవలసిన మొదటి పని. ఇందుకు రీసెల్లర్ల సైట్లలో కనిపించే అడుగుతున్న ధరలు కాక, నిజంగా అమ్ముడుపోయినట్లు నమోదైన ధరలే ప్రమాణం.

వ్యాపారం వ్యవస్థగా మారిన తీరు

వాడిన విలాస వస్తువుల క్రయవిక్రయాలను క్రమబద్ధంగా నిలబెట్టిన దేశాలలో జపాన్ ముందువరుసలో ఉంటుంది. నగోయాలో 1947లో పాత దుస్తుల దుకాణంగా మొదలైన కొమెహ్యో సంస్థ నేడు అక్కడి పెద్ద రీసెల్లర్లలో ఒకటి. 1949 నాటి జపాన్ చట్టం ప్రకారం పాత వస్తువుల వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి. అమ్మవచ్చినవారి గుర్తింపును సరిచూసి నమోదు చేయడమూ తప్పనిసరి. దొంగసొత్తు బజారులోకి రాకుండా ఉద్దేశించిన ఈ నిబంధన కాలక్రమంలో కొనుగోలుదారుల నమ్మకానికి పునాది అయింది. 1980 దశకంలో జపనీయులు విరివిగా కొన్న ఐరోపా బ్యాగులు, ఆ దేశపు ఆర్థిక బుడగ పగిలిన తరువాతి దశాబ్దాలలో ఈ దుకాణాలకు చేరాయి. పొదుపుగా, భద్రంగా వాడిన సరుకుగా వాటికి మంచి పేరుండడంతో ఇతర దేశాల రీసెల్లర్లు సైతం జపాన్ నుంచి సరుకు తెప్పించుకోవడం పరిపాటి.

ఇంటర్నెట్ వచ్చాక వ్యాపారం ఊరి దుకాణాన్ని దాటింది. అమెరికాలో ఫ్యాషన్‌ఫైల్ 1999లోను, పారిస్‌లో వెస్టియేర్ కలెక్టివ్ 2009లోను, శాన్‌ఫ్రాన్సిస్కోలో ది రియల్‌రియల్ 2011లోను, న్యూయార్క్‌లో రీబ్యాగ్ 2014లోను మొదలయ్యాయి. వీటిలో ది రియల్‌రియల్ ప్రధానంగా కన్‌సైన్‌మెంట్ పద్ధతిలో పనిచేస్తూ 2019లో నాస్‌డాక్ స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైంది. గల్ఫ్ ప్రాంతంలో దుబాయ్ కేంద్రంగా ది లగ్జరీ క్లోజెట్ పనిచేస్తున్నది. భారతదేశంలో ఢిల్లీ, ముంబై, బెంగళూరు నగరాలు కేంద్రాలుగా ఇటువంటి సంస్థలు గత దశాబ్దంలో వెలసి, దేశమంతటి నుంచి కొరియర్ ద్వారా సరుకు స్వీకరిస్తున్నాయి.

అమ్మే దారులు, వాటి లెక్కలు

బ్యాగు అమ్మదలచినవారి ముందు నాలుగు దారులు ఉంటాయి. మొదటిది కన్‌సైన్‌మెంట్. రెండవది నేరుగా కొనుగోలు, అంటే రీసెల్లర్ బ్యాగును చూసి ఒక ధర చెప్పి, సొంతదారు ఒప్పుకుంటే వెంటనే డబ్బు చెల్లించి తానే యజమాని కావడం. మూడవది సొంతదారే ఒక ఆన్‌లైన్ వేదికపై బ్యాగును ఉంచి కొనుగోలుదారుతో వ్యవహరించడం. వేదిక మధ్యలో పరీక్ష జరిపించి కొంత రుసుము తీసుకుంటుంది. నాలుగవది వేలం; ఇది అరుదైన హెర్మెస్ బ్యాగుల వంటి వాటికే తగినది. నష్టభయం ఎవరు మోస్తారన్నదే ఈ నాలుగు దారుల మధ్య అసలు తేడా. నేరుగా కొన్న రీసెల్లర్, బ్యాగు అమ్ముడుపోకపోయినా ధర పడిపోయినా నష్టం తానే భరించాలి కనుక తక్కువ ఇస్తుంది. కన్‌సైన్‌మెంట్‌లో ఆ భయం సొంతదారు నెత్తినే ఉంటుంది కనుక, అమ్ముడైతే ఎక్కువ దక్కుతుంది.

ఈ తేడాను ఒక చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. ఒక బ్యాగుకు రీసెల్లర్ వెంటనే 1,800 డాలర్లు ఇస్తానన్నదనీ, కన్‌సైన్‌మెంట్‌కు ఇస్తే 3,000 డాలర్లకు పెట్టి అందులో 70 శాతం సొంతదారుకు ఇస్తానన్నదనీ అనుకుందాం. అనుకున్న ధరకే అమ్ముడుపోతే చేతికి వచ్చేది 2,100 డాలర్లు. అంటే 300 డాలర్లు అదనం. కాని చాలా ఒప్పందాలలో నిర్ణీత గడువులు దాటిన కొద్దీ ధర తగ్గించే అధికారం సంస్థకు ఉంటుంది. ఆ ధరను 20 శాతం తగ్గించి 2,400 డాలర్లకు అమ్మితే సొంతదారుకు 1,680 డాలర్లే మిగులుతాయి; వెంటనే వచ్చే 1,800 కంటె ఇది తక్కువ, పైగా నెలల నిరీక్షణ. 1,800ను 70 శాతంతో భాగిస్తే వచ్చే దాదాపు 2,571 డాలర్లు ఇక్కడ గీటురాయి: బ్యాగు అంతకంటె ఎక్కువకు అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉంటేనే కన్‌సైన్‌మెంట్ లాభం. ఏ దేశంలోనైనా, ఏ కరెన్సీలోనైనా ఈ భాగహారం చేయకుండా సంతకం పెట్టడం తగదు.

కమీషన్ శాతం అన్ని బ్యాగులకూ ఒకేలా ఉండదు. ఖరీదైన బ్యాగుపై శాతం తక్కువగా, చవకైన దానిపై ఎక్కువగా ఉండడం సాధారణం. ఎందుకంటే పరీక్ష, ఫొటో, నిల్వ, రవాణా ఖర్చులు రెండింటికీ ఇంచుమించు సమానమే. అందువల్ల తక్కువ ధర పలికే బ్యాగులను తెలిసినవారికి నేరుగా అమ్ముకోవడం, గిరాకీ గల ఖరీదైన బ్యాగులను సంస్థల ద్వారా అమ్మడం వివేకమైన విభజన.

అసలుదని తేలేది ఎలా

రీసెల్లర్ సంస్థలో జరిగే పనులలో అథెంటికేషన్, అంటే బ్యాగు అసలుదని నిర్ధారించే పరీక్ష, కీలకమైనది. ఇందులో ఏ ఒక్క గుర్తూ సొంతంగా తీర్పు చెప్పదు. తోలు, కుట్టు, లోహపు భాగాలు, ముద్రలు, కోడ్, తయారీ కాలం పరస్పరం పొసగుతున్నాయా అన్నది నిపుణులు చూస్తారు. లూయీ విటాన్ మోనోగ్రామ్ స్పీడీ బ్యాగు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ బ్యాగు ముందు వైపు ఎల్, వీ అక్షరాలు నిటారుగా ఉండగా వెనుక వైపు తలకిందులుగా కనిపిస్తాయి. కొత్తవారు దీనిని చూసి నకిలీ అనుకొనే ప్రమాదం ఉంది. నిజానికి ఒకే కాన్వాస్ ముక్కను అడుగు భాగంలో అతుకు లేకుండా ముందునుంచి వెనుకకు మడిచినందువల్ల అలా కావడమే సరైనది. రెండు వైపులా అక్షరాలు నిటారుగా ఉంటేనే అనుమానించాలి.

షనెల్ క్లాసిక్ ఫ్లాప్ బ్యాగుపై తిప్పి మూసే తాళంలో వ్యతిరేక దిశలకు తిరిగి ఒకదానితో ఒకటి అల్లుకొన్న రెండు సి అక్షరాలు ఉంటాయి. పైభాగంలో కుడి అక్షరం ఎడమదాని మీదుగా, కింది భాగంలో ఎడమ అక్షరం కుడిదాని మీదుగా పోవాలి. బ్యాగు మీది గళ్ల కుట్టు వెనుక జేబు దగ్గర తెగకుండా, జేబు మీది గీత బ్యాగు మీది గీతతో కలిసిపోవాలి. హెర్మెస్ బ్యాగులో చూడవలసినది జీను కుట్టు. మైనం పట్టించిన ఒకే నార దారానికి రెండు కొసలా రెండు సూదులు గుచ్చి, ఒకే రంధ్రంలో రెండు వైపులనుంచీ దూర్చి చేతితో వేసే ఈ కుట్టు కొద్దిగా ఏటవాలుగా కనిపిస్తుంది. ఒక చోట దారం తెగినా తక్కిన కుట్టు ఊడిపోదు. యంత్రపు కుట్టులోని నిర్జీవమైన సమానత్వం ఇందులో ఉండదు. గుర్రపు జీనులు కుట్టిన చేతుల విద్య బ్యాగులోకి వచ్చి నిలిచిన తీరు ఇది.

కోడ్‌ల విషయంలో తొందరపాటు తీర్పులు ఎక్కువ. 1980ల నుంచి లూయీ విటాన్ బ్యాగుల లోపల ఉండే అక్షరాలు, అంకెలు సీరియల్ నంబరు కావు. తయారైన కార్ఖానాను, కాలాన్ని తెలిపే తేదీ కోడ్ మాత్రమే. 2007 నుంచి అమలైన పద్ధతిలో నాలుగంకెలలో మొదటిది, మూడవది కలిపితే వారం, రెండవది, నాలుగవది కలిపితే సంవత్సరం. 4182 అని ఉంటే 2012వ సంవత్సరపు 48వ వారం అన్నమాట. ఒకే వారంలో ఒకే కార్ఖానాలో తయారైన ఎన్నో బ్యాగులకు ఒకే కోడ్ ఉండవచ్చు. నకిలీ తయారీదారు కూడా దానిని అచ్చు వేయగలడు. షనెల్ 1980ల నుంచి సీరియల్ స్టిక్కరును, దానికి జతగా ఒక కార్డును ఇచ్చేది. 2021లో ఈ రెండు సంస్థలూ పాత పద్ధతులను విడిచి బ్యాగులలో మైక్రోచిప్‌లు అమర్చడం మొదలుపెట్టాయి.

నిపుణుల కంటికి తోడుగా యంత్రసాయం కూడా వచ్చింది. న్యూయార్క్ కేంద్రంగా పనిచేసే ఎంట్రూపీ సంస్థ చిన్న మైక్రోస్కోపు కెమెరాతో తోలు, ముద్రల ఉపరితలాన్ని ఎన్నోరెట్లు పెద్దదిగా ఫొటోలు తీసి, వాటిని కృత్రిమ మేధ సాయంతో అసలు సరుకు ఫొటోలతో పోల్చి ఫలితం చెబుతుంది. అయినా అనుభవజ్ఞుల పరీక్షకు ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు. 2019లో ప్రపంచ వాణిజ్యంలో నకిలీ వస్తువుల విలువ 464 బిలియన్ డాలర్ల వరకు, అంటే మొత్తం వాణిజ్యంలో 2.5 శాతం వరకు ఉండవచ్చని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, ఐరోపా సమాఖ్య మేధాసంపత్తి కార్యాలయం కలిసి అంచనా వేశాయి. అన్ని రకాల సరుకులకు సంబంధించిన ఈ అంకెలో బ్యాగులు ఒక భాగం మాత్రమే అయినా, పరీక్షకు అంత ప్రాధాన్యం ఎందుకో దీనివల్ల తెలుస్తుంది.

స్థితిని బట్టి శ్రేణి

అసలుదని తేలిన తరువాత బ్యాగు స్థితిని బట్టి శ్రేణి ఇస్తారు. వాడనిది, అతి స్వల్పంగా వాడినది, బాగున్నది, వాడకపు గుర్తులు స్పష్టంగా ఉన్నది, మరమ్మతు అవసరమైనది అన్న అర్థంలో సంస్థకో పేరు వాడుకలో ఉన్నా, చూసే చోట్లు ఒకటే: నాలుగు మూలల అరుగుదల, చేతి పిడి నలుపు, లోపలి లైనింగు మరకలు, జిప్పు నడక, లోహంపై పూత, వాసన. లూయీ విటాన్ బ్యాగుల పిడులకు వాడే రంగు వేయని సహజ ఆవుతోలు కాలం గడిచిన కొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది. అది లోపం కాదు, వయసు. కాని చెమటతో నల్లబడిన పిడి, నీటి చుక్కల మరకలు ధరను తగ్గిస్తాయి. సెంటు వాసన, సిగరెట్ వాసన ఫొటోలో కనిపించకపోయినా సరుకు వెనక్కి రావడానికి తరచు అవే కారణం.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల ఇళ్లలో బ్యాగులకు గాలిలోని తేమే ప్రధాన శత్రువు. ప్లాస్టిక్ కవరులో బిగించి బీరువాలో పెట్టిన తోలు వానాకాలంలో బూజు పడుతుంది. కొన్ని పాత బ్యాగుల లోపలి కృత్రిమ లైనింగు జిగటగా మారి పొరలుగా ఊడుతుంది. గుడ్డ సంచిలో ఉంచి, ఆకారం చెడకుండా లోపల తెల్ల కాగితం కూరి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరబెట్టడం మేలు. అమ్మే ముందు చెప్పుల రంగు పూయించడం, దొరికిన క్రీము రాయడం వంటి సొంత మరమ్మతులు చేయకూడదు. తయారీ సంస్థ చేయని మరమ్మతు, రంగు మార్పు బయటపడితే కొన్ని రీసెల్లర్లు బ్యాగును అసలు స్వీకరించవు.

ఒప్పందంలో చదవవలసిన వాక్యాలు

కన్‌సైన్‌మెంట్ ఒప్పందంలో సొంతదారు తప్పక చూడవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. తుది ధరను ఎవరు నిర్ణయిస్తారు, ఎంత గడువుకు ఎంత శాతం తగ్గిస్తారు, ఇంతకు తక్కువకు అమ్మరాదని కనీస ధర పెట్టే హక్కు ఉందా అన్నవి మొదటివి. అమ్ముడుకాకముందే బ్యాగు వెనక్కి కావాలంటే రుసుము ఉంటుందా, తిరుగు రవాణా ఖర్చు ఎవరిది అన్నవి తరువాతివి. బ్యాగు సంస్థ అధీనంలో ఉండగా పోయినా పాడైనా పరిహారం ఎంత, అది కొన్న ధరనుబట్టియా, సంస్థ కట్టిన అంచనానుబట్టియా అన్నది అంతకంటె ముఖ్యం. కొనుగోలుదారు సరుకు తిప్పి పంపే గడువు ముగిసిన తరువాతే చెల్లింపు జరుగుతుంది కనుక, అమ్మకం తేదీకి, డబ్బు చేతికొచ్చే తేదీకి మధ్య ఎంత వ్యవధి ఉంటుందో కూడా తెలుసుకోవాలి.

అమ్ముడయ్యేంతవరకు బ్యాగు తనదేనన్న మాట ఒప్పందంలో స్పష్టంగా ఉండడం సొంతదారుకు రక్షణ. రీసెల్లర్ దివాలా తీస్తే దాని దగ్గరున్న సరుకంతా దానిదేనని అప్పులవారు పట్టుబట్టవచ్చు. అప్పుడు సొంతదారు చేతిలోని సంతకం చేసిన పత్రం, సరుకు అందినట్లు ఇచ్చిన రసీదు మాత్రమే సాక్ష్యాలు. తమ పరీక్షలో బ్యాగు నకిలీ అని తేలితే సంస్థ ఏం చేస్తుందన్న నిబంధన కూడా చదవాలి; కొన్ని సంస్థలు తిప్పి పంపడానికి నిరాకరిస్తాయి. కాబట్టి బ్యాగు పంపే ముందు అన్ని వైపుల నుంచి, మూలలు, ముద్రలు, కోడ్, లోపలి భాగం దగ్గరగా కనిపించేట్లు తేదీతో ఫొటోలు తీసి ఉంచుకోవడం, విలువకు తగిన బీమాతో పంపడం తప్పనిసరి జాగ్రత్తలు. కొన్న బిల్లు, పెట్టె, గుడ్డ సంచి, కార్డు, తాళం, తాళపుచెవులు అన్నీ కలిపి ఇవ్వగలిగితే ధర పెరుగుతుంది. వాటిలో బిల్లుకు ఉన్నంత విలువ మరి దేనికీ లేదు.

చట్టం గీసిన హద్దులు

నిజమైన సరుకును ఒకసారి అమ్మిన తరువాత దానిని కొన్నవారు తిరిగి అమ్ముకోకుండా తయారీదారు అడ్డుకోజాలడన్నది అమెరికా చట్టంలో తొలి అమ్మకపు సూత్రంగా ప్రసిద్ధం. అయినా రీసెల్లర్ తనను తయారీ సంస్థకు అనుబంధంగా చూపుకొన్నా, నిజం కాని సరుకు అమ్మినా ఆ రక్షణ ఉండదు. షనెల్ 2018లో వాట్ గోస్ అరౌండ్ కమ్స్ అరౌండ్ అనే రీసెల్లర్ మీదా, ది రియల్‌రియల్ మీదా వేర్వేరుగా దావాలు వేసింది. మొదటి దావాలో 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ జ్యూరీ షనెల్ పక్షాన తీర్పు చెప్పి 40 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించింది. ఆ వ్యాజ్యంలో చర్చకు వచ్చిన బ్యాగులలో కొన్నిటి సీరియల్ నంబర్లు షనెల్ రికార్డుల ప్రకారం చెల్లనివి. నంబరు ఉండడం వేరు, ఆ నంబరు తయారీదారు లెక్కల్లో సరిపోవడం వేరని ఆ తీర్పు అమ్మేవారందరికీ తెలియజేసింది.

మొసలి, కొండచిలువ వంటి జీవుల చర్మంతో చేసిన బ్యాగులకు మరొక చట్టం వర్తిస్తుంది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యంపై 1973లో కుదిరి 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ ఒప్పందం ప్రకారం, అటువంటి వస్తువులను అమ్మకానికి దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలో కొండచిలువ చర్మపు వస్తువుల అమ్మకమే నిషిద్ధం. ఇటువంటి బ్యాగును పార్సిలులో పంపేముందు రీసెల్లర్‌ను లిఖితపూర్వకంగా అడగడం క్షేమం.

భారతదేశంలో పన్నుల సంగతి కూడా తెలుసుకోదగినది. వాడిన వస్తువులు కొని అమ్మే వ్యాపారి, కొనుగోలుపై పన్ను జమ తీసుకోనట్లయితే, కొన్న ధరకు అమ్మిన ధరకు మధ్య తేడాపైనే జీఎస్టీ చెల్లించే వెసులుబాటు సీజీఎస్టీ నిబంధనలలోని 32(5) కల్పిస్తుంది. ఇక వ్యక్తిగత వాడుక వస్తువులను ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తుల నిర్వచనంనుంచి మినహాయిస్తుంది. నగలు, చిత్రాలు, శిల్పాల వంటివి ఆ మినహాయింపులో చేరవు. తాను వాడిన బ్యాగును అమ్ముకోవడం ఒకటి, బ్యాగులు కొని అమ్మడమే పనిగా పెట్టుకోవడం మరొకటి. రెండవది వ్యాపార ఆదాయమవుతుంది.

తెలుగు కుటుంబాలకు వర్తించే మాట

అమెరికాలో, గల్ఫ్ దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇటువంటి బ్యాగులు కొనుక్కొన్నవారు, కానుకగా అందుకొన్నవారు ఎందరో ఉన్నారు. లూయీ విటాన్ భారతదేశంలో మొదటి దుకాణం 2003లో తెరిచినప్పటికీ, ఇక్కడి ఇళ్లలోని బ్యాగులలో అనేకం విదేశాలలో కొన్నవి, బంధువులు తెచ్చి ఇచ్చినవి. అటువంటి బ్యాగుకు బిల్లు ఇచ్చినవారి పేరున, మరో దేశపు కరెన్సీలో ఉంటుంది, లేదా అసలే ఉండదు. కానుక ఇచ్చేవారు ధర తెలియకూడదని బిల్లు తీసివేయడం మన మర్యాద. కాని ఈ వస్తువుల విషయంలో ఆ బిల్లును ఫొటో తీసి ఉంచడమో, తరువాతనైనా అందజేయడమో కానుక పుచ్చుకొన్నవారికి చేసే మేలు. విమానాశ్రయంలో కస్టమ్స్ సుంకం చెల్లించి ఉంటే ఆ రసీదు కూడా బ్యాగుతోపాటే ఉండాలి. భారతదేశంలోని బ్యాగును అమెరికాలో ధర ఎక్కువని అక్కడికి వెళ్లే బంధువు చేత పంపించి అమ్మించడం సులువుగా తోచినా, అమ్మకానికి తెచ్చిన సరుకు స్వంత సామాను కిందికి రాదు కనుక అక్కడి కస్టమ్స్ నిబంధనలు తెలుసుకోకుండా ఆ పనికి పూనుకోరాదు.

రుజువు ఎవరి చేతిలో ఉండాలి

ఇప్పుడు ఈ వ్యాపారం ఒక కీలకమైన మలుపులో ఉంది; తయారీ సంస్థలే ఇందులోకి అడుగుపెడుతున్నాయి. గూచీ 2020లో ది రియల్‌రియల్‌తో కలిసి పనిచేసింది. గూచీ మాతృసంస్థ కెరింగ్ 2021లో వెస్టియేర్ కలెక్టివ్‌లో వాటా తీసుకొంది. అదే ఏడాది లూయీ విటాన్ మాతృసంస్థ ఎల్‌వీఎంహెచ్, ప్రాడా, కార్టియే సంస్థలు కలిసి, వస్తువు పుట్టుక నుంచి చేతులు మారిన చరిత్రను డిజిటల్‌గా నమోదు చేసే ఔరా బ్లాక్‌చెయిన్ కూటమిని ఏర్పరచాయి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలైలో అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధనలు వస్తువులకు డిజిటల్ పాస్‌పోర్టును, అంటే వాటి వివరాలు తెలిపే ఎలక్ట్రానిక్ పత్రాన్ని, దశలవారీగా ప్రవేశపెట్టే దారి వేశాయి. ఇవన్నీ రుజువును మరింత బలపరిచే ప్రయత్నాలే. కాని రుజువు బలపడినంత మాత్రాన అది సొంతదారుకు అందినట్లు కాదు. బ్యాగులో కుట్టిన చిప్‌లోని వివరాలు చాలావరకు తయారీ సంస్థకే తప్ప దాని సొంతదారుకు గాని రీసెల్లర్‌కు గాని తెలియవు. ఆ సంస్థ చేతిమార్పు అమ్మకాలకు అనుకూలంగా లేకపోతే, లక్షలు పోసి కొన్న వ్యక్తికి తన వస్తువు అసలుదని నిరూపించుకొనే దారి మూసుకుపోతుంది. ఆ మేరకు రీసెల్లర్ పరీక్ష ఖర్చూ, కమీషనూ పెరుగుతాయి.

పారిస్‌లో 2025 జూలైలో సోథెబీస్ వేలంలో జేన్ బిర్కిన్ వాడిన తొలి బిర్కిన్ బ్యాగు రుసుములతో కలిపి దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. గీతలు పడి, అంటించిన స్టిక్కర్ల జాడలు మిగిలి, బాగా నలిగిన ఆ బ్యాగును ఏ రీసెల్లర్ శ్రేణిలో పెట్టినా అట్టడుగునే ఉండేది. దానికి అంత ధర తెచ్చినది తోలు కాదు, స్థితి కాదు. అది ఎవరి చేతిలో పుట్టి ఎవరి భుజాన తిరిగిందో నిస్సందేహంగా తెలిసిన చరిత్ర. ఆ సూత్రమే చిన్నస్థాయిలో ప్రతి బ్యాగుకూ వర్తిస్తుంది. కాబట్టి వస్తువును అమ్మిన సంస్థ దాని రుజువును కూడా కొన్నవారికే పూర్తిగా అప్పగించాలని కోరడం న్యాయమైన కోరిక; చట్టాలు చేసేవారు డిజిటల్ పాస్‌పోర్టు నిబంధనలు రాసేటప్పుడు, దానిని చదివే హక్కు, బదిలీ చేసే హక్కు సొంతదారుకు ఉండాలని స్పష్టంగా చెప్పాలి. అంతవరకు బిల్లు దాచుకోవడం, ఫొటోలు తీసుకోవడం, ఒప్పందం చదవడం, భాగహారం చేసుకోవడం అనే నాలుగు పనులు సొంతదారు చేతిలోనే ఉన్నాయి; అవి చేసినవారు రీసెల్లర్ ఎదుట ధర కోసం ఎదురుచూసే స్థితిలో కాక, ధర గురించి మాట్లాడే స్థితిలో ఉంటారు.